ఐదేళ్లు, 88 వేల మైళ్లు: మా హైలాండర్ హైబ్రిడ్

అమ్మకి మోకాళ్ల నొప్పులు. మా పాత సెడాన్‌లో కూర్చోవాలంటే ముందు తల వంచి, చెయ్యి డోరుకి ఆనించుకుని, చివరి ఆరంగుళాలూ ఒక్కసారిగా కూలబడేది. దిగేటప్పుడు ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని లేపేవాళ్లం. ఒకసారి స్నేహితుడి పికప్ ట్రక్కు ఎక్కించబోతే ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, రెండోది లేపలేక వెనక్కి దిగిపోయింది. 2020లో టొయోటా హైలాండర్ చూడ్డానికి వెళ్లిన రోజు నేను మైలేజీ గురించి అడుగుతూ ఉంటే, అమ్మ తనంతట తానే వెనక డోరు తీసుకుని కూర్చుంది. "ఒరే, ఇందులో ఎక్కేదీ లేదు, దిగేదీ లేదు. ఊరికే కూర్చోవడమే" అంది. ఏ బండి కొనాలో ఆ మాటతోనే తేలిపోయింది.

తర్వాత చదివితే అర్థమైంది, ఆ సీటు ఎత్తు వెనక పెద్ద కథే ఉందని. ట్రక్కు తరహా ఎస్‌యూవీల్లో కింద నిచ్చెనలాంటి ఉక్కు ఛాసీ ఉంటుంది, దాని మీద బాడీని విడిగా బిగిస్తారు. ఛాసీ మందమంతా ఫ్లోరు ఎత్తులో కలుస్తుంది, కాబట్టి ఎక్కాల్సిందే. టొయోటాలోనే ఫోర్‌రన్నర్ ఇప్పటికీ అలా తయారయ్యేదే. హైలాండర్‌లాంటి క్రాసోవర్‌లో ఛాసీ, బాడీ వేరువేరు కావు, కారులాగా అంతా ఒకటే పెట్టె. 2000లో న్యూయార్క్ ఆటో షోలో చూపించి 2001 మోడల్‌గా అమ్మకానికి తెచ్చిన మొదటి హైలాండర్ క్యామ్రీ కారు పునాది మీద కట్టిందే. అప్పుడు రెండు వరుసల సీట్లే ఉండేవి. మూడో వరుస 2004 మోడల్‌తో వచ్చింది, పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటార్లూ ఉండే హైబ్రిడ్ 2006 మోడల్‌తో. జపాన్‌లో, ఆస్ట్రేలియాలో దీన్ని క్లూగర్ అన్నారు. మాది నాలుగో తరం, 2020 మోడల్, నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే హైబ్రిడ్. పునాది కొత్తదే అయినా ఇప్పటికీ అది క్యామ్రీ కుటుంబానిదే. నేలకీ బండికీ మధ్య 8 అంగుళాల ఖాళీ ఉంది. మంచులోనూ మట్టి రోడ్ల మీదా అది చాలు. అయినా సీటు మాత్రం మనిషి తుంటి ఎత్తులోనే ఉంది.

కొనేముందు నా భయమంతా ఇంజన్ మీదే. అంతకుముందు తరం హైబ్రిడ్‌లో 3.5 లీటర్ల వీ6, అంటే ఆరు సిలిండర్ల ఇంజన్, ఉండేది. ఈ తరానికి వచ్చేసరికి దాన్ని తీసేసి 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ పెట్టారు. మోటార్లతో కలిపి మొత్తం 243 హార్స్‌పవర్. రెండు టన్నుల బండిని, నిండా మనుషులతో, ఇది లాగుతుందా అని టెన్షన్ పడ్డాను. అదే ఏడాది హైబ్రిడ్ కాని రకంలో 295 హార్స్‌పవర్ వీ6 ఇచ్చారు కూడా. ఐదేళ్ల తర్వాత చెప్తున్నాను, సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు నాకు వీ6 ఒక్కసారి కూడా గుర్తురాలేదు. మోటారు నిలబడ్డ చోటు నుంచే పూర్తి బలంతో తోస్తుంది, బండి మెత్తగా జారినట్టు ముందుకు వెళ్తుంది. పొడవాటి ఘాట్ రోడ్డు మీద, ఆరుగురితో, ఏసీ నడుస్తుండగా ఓవర్‌టేక్ చేయాలంటే మాత్రం సంగతి వేరు. యాక్సిలరేటర్ బాగా తొక్కితే ఇంజన్ ఒకే శృతిలో గట్టిగా మోగుతూనే ఉంటుంది, వేగం దాని వెనక నిదానంగా పెరుగుతుంది. మామూలు గేర్లున్న కార్లు నడిపి అలవాటైన వాళ్లకి మొదట్లో ఇది వింతగా ఉంటుంది.

ఆ మోత ఎందుకో తెలుసుకున్నాక నాకు దాని మీద చిరాకు పోయింది. ఇందులో ఉన్నదాన్ని సీవీటీ, అంటే మెట్లు మెట్లుగా గేర్లు మారని గేర్‌బాక్సు, అంటారు గానీ మామూలు సీవీటీల్లోలాగా బెల్టూ కప్పీలూ ఉండవు. ఒకే ఒక గ్రహ గేర్ల అమరిక ఉంటుంది, అంటే మధ్యలో ఒక పళ్ల చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, బయట ఒక వలయం. ఇంజన్‌నీ, రెండు మోటార్లనీ వీటికి కలిపేశారు. ఒక మోటారు వేగాన్ని పెంచినా తగ్గించినా ఇంజన్‌కీ చక్రాలకీ మధ్య నిష్పత్తి మారిపోతుంది. జారే క్లచ్ లేదు, మారే గేరు లేదు. అందుకే కంప్యూటర్ ఇంజన్‌ని తనకి అనువైన వేగంలో పెట్టి అక్కడే నిలబెడుతుంది. ఈ 2.5 లీటర్ల ఇంజన్ గరిష్ఠ ఉష్ణ సామర్థ్యం, అంటే పెట్రోలు శక్తిలో పనిగా మారే వాటా, 41 శాతం అని టొయోటా ప్రకటించింది. పెట్రోలు ఇంజన్లలో అది చాలా ఎక్కువ. వెనక చక్రాలకి ముందు నుంచి ఇరుసు కడ్డీ రాదు, అక్కడ విడిగా ఇంకో మోటారు ఉంది. మంచు మీద ముందు చక్రం జారగానే వెనక నుంచి ఎవరో చిన్నగా నెట్టినట్టు తెలుస్తుంది.

మైలేజీకి వద్దాం, ఎక్కువమంది నన్ను అడిగేది అదే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం మా రకానికి సగటున గ్యాలన్‌కి 35 మైళ్లు. ముందు చక్రాల హైబ్రిడ్‌కి 36, ముందు చక్రాల వీ6కి 24. పెట్రోలు పోయించిన ప్రతిసారీ చీటీ మీద మైళ్లు రాసుకునే అలవాటు నాది. వసంతంలో, శరత్తులో 36, 37 వస్తుంది. గడ్డకట్టే చలిలో 30, 31కి పడిపోతుంది. లోపల వెచ్చదనం కావాలంటే ఇంజన్ వేడి కావాలి, కాబట్టి బండి ఆగి ఉన్నా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. చిన్న చిన్న దూరాలే తిరిగే వాళ్లకి చలికాలంలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. హైవే మీద గంటకి 75 మైళ్లు దాటి వెళ్తే 32. ఊళ్లో ట్రాఫిక్‌లో ఆగుతూ పోతుంటేనే దీని ప్రతాపం కనిపిస్తుంది. బ్రేకు నొక్కినప్పుడల్లా మోటార్లు జనరేటర్లుగా మారి, వేడిగా వృథా కావాల్సిన శక్తిని బ్యాటరీలోకి పంపుతాయి. దానివల్ల ఇంకో లాభం కూడా కలిగింది. 80 వేల మైళ్ల దగ్గర చక్రాలు విప్పి చూపించినప్పుడు బండితో వచ్చిన బ్రేక్ ప్యాడ్‌లే ఇంకా సగం పైన ఉన్నాయి. మా సెడాన్‌కి అప్పటికి రెండుసార్లు మార్చాం.

నా నిర్లక్ష్యం ఒకటి చెప్పాలి, ఈ బండి ఉన్నవాళ్లకి పనికొస్తుంది. హైబ్రిడ్ బ్యాటరీ రెండో వరుస సీట్ల కింద ఉంటుంది. దాన్ని చల్లబరిచే గాలి బయట నుంచి రాదు, మనం కూర్చున్న చోటు నుంచే లోపలికి లాగుతుంది. ఆ గాలి వెళ్లే జాలీ సీటు కింద ఉంటుంది. నాలుగో ఏడు ఒక ఎండాకాలం మధ్యాహ్నం, బ్యాటరీ చల్లబరిచే భాగాలకి మెయింటెనెన్స్ కావాలని స్క్రీన్ మీద మెసేజీ వచ్చింది. పక్కకి ఆపి, మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశాను. జాలీ కనిపించడం లేదు. మ్యాటు అంచు దాని మీదికి జరిగి ఉంది, దాని వెనక పిల్లలు విరిచేసిన క్రేయాన్లు, జుట్టు, దుమ్ము కలిసి దూదిపరుపులా అట్టకట్టి ఉన్నాయి. ఇంటికొచ్చి మాన్యువల్ ముందు పెట్టుకుని, జాలీ ఊడదీసి వాక్యూమ్ పెట్టి ఫిల్టర్ శుభ్రం చేస్తే మెసేజీ పోయింది. అంతవరకూ నేను ఆ పేజీ తెరిచిందే లేదు. ఇప్పుడు టైర్లు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్పించిన ప్రతిసారీ, అంటే 5 వేల మైళ్లకోసారి, వాక్యూమ్ అక్కడికి కూడా వెళ్తుంది. పెంపుడు కుక్క ఉన్న ఇళ్లలో ఇంకా తరచుగా చూడాలి.

ఆయిల్ విషయంలోనూ ఒకసారి గట్టి పాఠమైంది. ఈ ఇంజన్‌కి చెప్పిన ఆయిల్ 0డబ్ల్యూ-16, నీళ్లలా పలచగా ఉంటుంది. దారిలో దొరికిన ఒక సర్వీసు సెంటర్‌లో మార్పించి, రెండు రోజుల తర్వాత బిల్లు చూస్తే 5డబ్ల్యూ-30 అని ఉంది, అది ఇంకా చిక్కటిది. వెనక్కి వెళ్లి మళ్లీ మార్పించాను, వాళ్లు ఒప్పుకుని చేశారు. అప్పటి నుంచి డబ్బా మీద అంకె చూసిన తర్వాతే బానెట్ తీయనిస్తున్నాను.

ఇక మూడో వరుస. ఈ బండి మీద నాకున్న ప్రేమకి హద్దు గీసేది అదే.

కొన్నప్పుడు మా పెద్దవాడికి 8, చిన్నదానికి 5. రెండో వరుసలో రెండు విడి సీట్లు తీసుకున్నాం. వాటి మధ్య సందులోంచి పిల్లలు వెనక్కి నడిచి వెళ్లేవాళ్లు, అమ్మా నాన్నా దర్జాగా మధ్యలో కూర్చునేవాళ్లు. వెనక సీటు పిల్లల రాజ్యం. ఇప్పుడు పెద్దవాడికి 13. వాడు అక్కడ కూర్చుంటే మోకాళ్లు గడ్డం దగ్గరికి వస్తున్నాయి. అది వాడి ఎత్తు వల్ల మాత్రమే కాదు. మూడో వరుసలో కాళ్లకి ఉన్న చోటు 27.7 అంగుళాలు, పైగా ఫ్లోరు ఎత్తుగా ఉంటుంది, కాబట్టి తొడలు సీటుకి ఆనవు. రెండో వరుసని ముందుకి జరిపితే కొంచెం ఊపిరాడుతుంది గానీ, అప్పుడు ఇరుకంతా అమ్మ మోకాళ్ల మీదికి వస్తుంది. ఏ మోకాళ్ల కోసం ఈ బండి కొన్నామో ఆ మోకాళ్ల మీదికే! ఆరుగురం కూర్చుంటే వెనక సామానుకి మిగిలేది 16 ఘనపుటడుగులు. నిలబెట్టి సర్దితే రెండు క్యాబిన్ సూట్‌కేసులు, పైన ఒక బ్యాగు. అందుకే రెండో ఏడే పైన రూఫ్ బాక్సు పెట్టించాం. అది ఉంటే మైలేజీ రెండు మైళ్లు తగ్గుతుంది, ప్రయాణం అవగానే తీసేస్తాను. అదే మూడో వరుస మడిచేస్తే 48 ఘనపుటడుగుల చోటు వస్తుంది, నలుగురికి ఎంత సామానైనా పడుతుంది.

ఈ ఇరుకు సంగతి తయారీదారుకీ తెలిసినట్టే ఉంది. 2023 షికాగో ఆటో షోలో గ్రాండ్ హైలాండర్ చూపించారు, 2024 మోడల్‌గా వచ్చింది. పొడవు 6 అంగుళాల పైన పెరిగితే, మూడో వరుసలో కాళ్ల చోటు 33.5 అంగుళాలైంది. పెద్దవాణ్ణి తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టాను. పాదాలు నేల మీద ఆన్చి, వీపు జారేసి కూర్చున్నాడు. మీ ఇంట్లో మూడో వరుసలో రోజూ కూర్చునేది పన్నెండు దాటిన పిల్లలో పెద్దవాళ్లో అయితే దాన్నే చూడండి. ఏడాదికి నాలుగైదుసార్లే అక్కర అయితే మామూలు హైలాండర్ చాలు, పార్కింగ్‌లో తిప్పుకోవడానికి ఆ ఆరంగుళాలు తక్కువ ఉండటం హాయి.

సేఫ్టీ ఫీచర్లలో నేను నిజంగా వాడుకునేది రాడార్ క్రూజ్, అంటే ముందు బండిని చూసుకుంటూ వేగాన్ని తనే సర్దుకునే ఏర్పాటు. ముందు బండి ఆగితే ఇదీ ఆగుతుంది, సున్నా వరకూ. ఆరు గంటలు హైవే మీద నడిపి దిగిన రోజు కాలి మడమకి నొప్పి లేకపోవడం ఎంత సుఖమో నడిపేవాళ్లకే తెలుసు. రాడార్ ముందున్న టొయోటా బొమ్మ వెనక ఉంటుంది. తడి మంచు దాని మీద గడ్డకడితే క్రూజ్ పనిచేయదు. దిగి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు. అందుకని చలికాలం డోరు జేబులో ఒక మెత్తటి గుడ్డ ఉంచుతాను. లేన్ మధ్యలో ఉంచే సాయం కూడా ఉంది. అది గీతలు స్పష్టంగా ఉన్న చోట బాగుంటుంది, రోడ్డు పనులు జరిగే చోట నేను ఆపేస్తాను.

స్క్రీన్ మామూలుదే, 8 అంగుళాలు, ఫోను కేబుల్‌తో కలపాలి. ఏసీకి విడిగా తిప్పే గుండ్రటి నాబ్‌లు ఉన్నాయి, చేతికి గ్లౌజులున్నా తిప్పొచ్చు, అది నాకు స్క్రీన్ కన్నా ముఖ్యం. డ్యాష్‌బోర్డులో పక్క సీటు ముందు వరకూ పొడుగ్గా ఒక అర ఇచ్చారు, ఛార్జింగ్ కేబుల్ వెళ్లడానికి దానికో రంధ్రం కూడా ఉంది. మా ఆవిడ ఫోనూ, అమ్మ కళ్లజోడూ, మందుల డబ్బా ఐదేళ్లుగా అక్కడే. ట్రైలర్ లాగేవాళ్లు మాత్రం గమనించండి, హైబ్రిడ్ 3,500 పౌండ్లే లాగుతుంది, వీ6 అయితే 5,000.

హైబ్రిడ్ బ్యాటరీకి 2020 మోడల్ నుంచి పదేళ్లు లేదా లక్షా యాభై వేల మైళ్ల వారంటీ ఇస్తున్నారు. మా బండి దానిలో సగం దాటింది. ఆ వారంటీ అయ్యేవరకూ అమ్మదే మధ్య వరుస. పెద్దవాడికి దూరప్రయాణాల్లో ముందు సీటు ఇచ్చి, వాళ్లమ్మ వెనక చిన్నదాని పక్కకి వెళ్తోంది.