రాకీ మౌంటెన్ పార్కులో టెంటు కింద రెండు రాత్రులు

రాత్రి పదకొండింటికి ఎవరో ఈల వేశారు. పది దాటితే చప్పుడు చేయకూడదని రూలు కదా, పక్క టెంటు పిల్లాడి పనేమోనని విసుక్కున్నాను. మళ్ళీ వినిపించింది. సన్నగా మొదలై, పైకి సాగి, చివర గురగురమని ఆగింది. అప్పుడు అర్థమైంది, అది మగ ఎల్క్ అరుపు. కణుజు లాంటి పెద్ద జింక. సెప్టెంబరు చివర వాటి జతకట్టే కాలం, మొరైన్ పార్క్ గడ్డిమైదానం వాటి అడ్డా. ఆ రోజుల్లో సాయంత్రం 5 దాటితే మైదానంలోకి ఎవరినీ దిగనివ్వరు, రోడ్డు పక్కన నిలబడి చూడాల్సిందే. మాకు పడుకున్నచోటికే వినిపించింది.

అమెరికాలో కొలరాడోలోని ఈ మొరైన్ పార్క్ క్యాంప్‌గ్రౌండు సుమారు 8,160 అడుగుల ఎత్తులో ఉంది. ఆయాసం వస్తుందని ముందే అనుకున్నాం. దెబ్బ మాత్రం అన్నం దగ్గర తగిలింది. అంత ఎత్తులో నీళ్ళు దాదాపు 92 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నె కుతకుతలాడుతూనే ఉంది, మెతుకు పట్టి చూస్తే మధ్యలో పలుకు. ముప్పావుగంట చూసి "కుక్కరు పెట్టుకుందామంటే విన్నారా?" అంది మా ఆవిడ. రెండో రాత్రి బ్రెడ్డుతో కానిచ్చాం.

తిన్నాక మిగిలినదంతా ఇనప పెట్టెలో పెట్టి గడియ వేయాలి, ఎలుగుబంట్ల భయం. తిండే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, పాప లిప్‌బామ్ కూడా అందులోకే. టెంటులో జిప్పు లాగి వెచ్చగా ముడుచుకున్నాక జేబులో చాక్లెట్ తగిలితే ఎంత చిరాకో! మళ్ళీ బూట్లు వేసుకుని బయల్దేరాలి.

టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయి. షవర్లు మాత్రం పార్కులో ఎక్కడా లేవు. తెల్లారేసరికి టెంటు మీద మంచు గడ్డకట్టింది, అరువు తెచ్చిన స్లీపింగ్ బ్యాగు ఆ చలికి ఏమాత్రం ఆగలేదు. మిగతా వాటి మీద ఎంత పొదుపు చేసినా దాని మీద చేయకండి.

గ్లేసియర్ బేసిన్ క్యాంపు కూడా చూసొచ్చాం. నడక దారులు మొదలయ్యే బేర్ లేక్ సరస్సుకు అది ఇంకా దగ్గర, నడకలే ముఖ్యమైతే అక్కడే దిగండి. పడమటి వైపు టింబర్ క్రీక్ క్యాంపుకు 12,183 అడుగుల దాకా ఎక్కే ట్రైల్ రిడ్జ్ రోడ్డు మీదుగా వెళ్ళాం. అక్కడ బెరడు పురుగు పట్టి చచ్చిన పైన్ చెట్లన్నీ కొట్టేశారు, నీడే లేదు. మూస్ అనే భారీ జింక కనిపించే అవకాశం ఆ వైపే ఎక్కువ, అయినా పిల్లలతో మధ్యాహ్నమంతా ఆ ఎండలో కష్టం.

మొరైన్ పార్క్‌లో టెంటు వేసుకునే సైటుకు రాత్రికి 35 డాలర్లు. ఆరు నెలల ముందు బుకింగ్ తెరిచిన రోజే పట్టుకోవాలి, ఆ ఉదయం పడ్డ టెన్షన్ తత్కాల్ టికెట్‌కు తక్కువేం కాదు.

మూడో రాత్రి ఎస్టెస్ పార్క్ ఊళ్ళో ఒక హోటల్లో దిగాం. టెంటు సైటుకు ఇచ్చినదానికి ఐదింతల పైనే పోశాం. హీటరు రాత్రంతా టకటకమంటూనే ఉంది, కిటికీ తెరిస్తే పార్కింగ్ లాటు. ఎల్క్ అరుపు లేదు. కాకపోతే వేడినీళ్ళ షవరు కింద అరగంట నిలబడ్డాను, అబద్ధం చెప్పను.