స్విఫ్ట్‌కి హెడర్ వేయించుకునేవాళ్లు ఇది చదివి వెళ్లండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, రాతలో ముందూ వెనకా అయితే సర్దుకోండి. షాపు పేరు రాయను. రీల్స్‌లో సైలెన్సర్ మోతలు వినిపిస్తూ, ప్రతి బండికీ "పికప్ చూడండి బ్రో" అనే మహానుభావుడంటే మీలో సగం మందికి తెలిసిపోతుంది.

నాది బీఎస్-4 స్విఫ్ట్ పెట్రోలు. కంపెనీ మానిఫోల్డు, అంటే ఇంజిన్లోంచి పొగ బయటికి తెచ్చే పైపుల సెట్టు తీయించి, దాని బదులు స్టెయిన్‌లెస్ స్టీలు 4-2-1 హెడర్ (నాలుగు పైపులు రెండై, ఆ రెండూ ఒకటయ్యేది) వేయించా. బోల్టులు బిగిస్తే చాలు, ట్యూనింగ్ కూడా అక్కర్లేదన్నాడు. బోల్టులైతే పట్టాయి. వారం తిరక్కుండా చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0171 అనే కోడు, అంటే మిక్చర్ లీన్‌గా ఉంది, పెట్రోలు చాలట్లేదని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) గోల. తీరా బండి వెనక నిలబడితే గుప్పున పచ్చి పెట్రోలు వాసన! మైలేజీ పడిపోయింది, ప్లగ్గులు విప్పితే నల్లటి మసి. ఇవన్నీ పెట్రోలు ఎక్కువైన లక్షణాలు!

మనవాడి వైద్యం: "ఆక్సిజన్ సెన్సార్ పోయింది బ్రో, పాత బండి కదా." కొత్తది తనే అమ్మాడు, 4 వేల చిల్లర. బిల్లు లేదు. అది వేసి కోడ్ చెరిపేసి పంపాడు. ఈ కోడు చెరపగానే మళ్లీ రాదు, బండి కాస్త తిరగాలి. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. మర్నాడు సాయంత్రానికి లైటు మళ్లీ పలకరించింది.

మళ్లీ వెళ్లా. కౌంటరు వెనక ఫోన్ చూసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "అసలు మీ బాధేంటి బ్రో? లైటే కదా?" అన్నాడు. అవునన్నా. లోపలున్న కుర్రాణ్ణి కేకేసి, "అన్న బండి మీటరు బోర్డు విప్పి ఆ లైటు మీద నల్ల టేపు వెయ్‌రా, కనపడకూడదు" అన్నాడు. వేళాకోళం అనుకున్నా. ఆ కుర్రాడు నిజంగానే స్క్రూడ్రైవరూ టేపు చుట్టా పట్టుకుని వచ్చి, నా సీట్లో కూర్చుని, టేపు ముక్క పళ్లతో కొరికి తెంపాడు! రోగం ఉంటే ఉండనీ, రోగి అరవకపోతే చాలన్నమాట. ఆపరా బాబూ అని అరిస్తే, మహానుభావుడు అప్పుడు తలెత్తి, పక్కనున్న ఇంకో కస్టమరుకి వినపడేలా, "ఇంత భయపడేవాళ్లు మోడిఫికేషన్ జోలికి ఎందుకొస్తారో" అని నవ్వాడు. డబ్బు లెక్కపెట్టుకున్నప్పుడు మాత్రం ఈ సందేహం రాలేదు పాపం.

అక్కణ్ణుంచి నేరుగా విజయవాడ ఆటోనగర్‌లో సైలెన్సర్లు వెల్డింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికెళ్లా. ఆయన దగ్గర స్కానరూ లేదు, రీల్సూ లేవు. బండి రాత్రంతా ఉంచేసి పొద్దున చల్లగా ఉండగా స్టార్ట్ చేయించాడు. తడిగుడ్డతో సైలెన్సర్ మూతి కాసేపు నొక్కిపెట్టించి, హెడ్డు దగ్గర చెవి పెట్టాడు. టిక్ టిక్ టిక్. సబ్బునీళ్లు చల్లితే మూడో సిలిండరు ఫ్లాంజ్ (హెడర్ ఇంజిన్‌కి ఆనే పలక) కింద బుడగలు. విప్పి, ఫ్లాంజ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి "చూడు బాబూ" అన్నాడు. స్కేలు కింద నుంచి వెలుతురు కనపడుతోంది. వెల్డింగ్ వేడికి పలక వంగిపోయింది, రుద్ది సాపు చెయ్యలేదు. ఆ సందు కప్పడానికి లోపల ఎర్ర సిలికాన్ మెత్తారు. మామూలు సిలికాన్ ఆవిరి తగిలితే ఆక్సిజన్ సెన్సార్ మొద్దుబారిపోతుంది, సెన్సార్ సేఫ్ అని రాసున్నదే వాడాలి.

ఇంతకీ జరిగిందేంటంటే, పొగ ఒకే ధారగా పోదు, దెబ్బదెబ్బగా పోతుంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య పైపులో పీడనం పడిపోతుంది, అప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సార్ పని ఆక్సిజన్ ఎంతుందో చూసి చెప్పడం. చూసింది, చెప్పింది! మన బండ్లలో ఇంజిన్ వైపు ఉండే ముందు సెన్సార్ సవ్యంగా పనిచేస్తుంటే వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య ఊగుతూ ఉండాలి. నా బ్లూటూత్ స్కానర్లో ఎక్కువసేపు అడుగునే పడి ఉంది. ఈసీయూ అది నమ్మి పెట్రోలు పోస్తూ పోయింది. లీన్ కోడూ, నల్ల ప్లగ్గులూ ఒకే బండిలో కనిపించింది అందుకే. కంపెనీ మానిఫోల్డూ, "పోయిన" పాత సెన్సారూ తిరిగి బిగిస్తే ఇప్పుడు బండి భేషుగ్గా ఉంది. లైటు రాలేదు.

షాపువాణ్ణి సెన్సార్ డబ్బు అడిగితే "ఎలక్ట్రికల్ ఐటమ్‌కి రిటర్న్ ఉండదు బ్రో" అని మెసేజ్, ఆ తర్వాత బ్లాక్.

హెడర్ కొనేవాళ్లు కౌంటరు మీదే ఫ్లాంజ్‌కి స్కేలు ఆనించి చూడండి. లీకు చూడకుండా సెన్సార్ మార్చమనేవాడికి దండం పెట్టి వచ్చెయ్యండి. క్యాట్‌కాన్ (పొగలో విషవాయువుల్ని తగ్గించే డబ్బా) లేని హెడరైతే లీకు లేకపోయినా వెనక సెన్సార్ వల్ల పీ0420, అంటే క్యాట్‌కాన్ సరిగా పనిచెయ్యట్లేదనే కోడు, వస్తుంది. పైగా పొగా మోతా హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10 వేల దాకా జరిమానా, లైసెన్సు మీదికి కూడా వస్తుంది. పాత మానిఫోల్డు మాత్రం షాపులో వదలకండి, క్యాట్‌కాన్‌లో ప్లాటినం, పల్లాడియం ఉంటాయి, స్క్రాపులో దానికి మంచి రేటు. నాది డిక్కీలో వేసుకొచ్చా కాబట్టి సరిపోయింది.