పోస్ట్‌గ్రెస్ రిలీజ్ నోట్స్: 9.6 నాటి నుంచి చదువుతున్నవాడి సమీక్ష

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఎలా ఉందో చాలామంది రాశారు. నేను దాని రిలీజ్ నోట్స్ గురించే, అంటే ప్రతి వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే పత్రాల గురించే రాస్తున్నా. సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం, వీటితో నాకు రోజూ పనే.

ముందు తేదీలు. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో రెండో గురువారం మైనర్ రిలీజ్, అంటే దిద్దుబాట్లు మాత్రమే ఉండేది. ఏటా సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఒక మేజర్ వెర్షన్, దానికి ఐదేళ్ల సపోర్టు. అందుకే మా మెయింటెనెన్స్ రాత్రులు జనవరిలోనే క్యాలెండర్‌ ఎక్కేస్తాయి. పెళ్లిరోజు మర్చిపోయినా రెండో గురువారం మర్చిపోనని ఇంట్లో దెప్పుతుంటారు.

ఈ వరుస అప్పుడప్పుడూ తప్పుతుంది. 2022 జూన్ 16న 14.4 అలాగే ఊడిపడింది. 14లో కంకరెంట్లీ పెట్టి, అంటే టేబుల్‌లో రాతలు ఆపకుండానే, ఇండెక్స్ (డేటాను త్వరగా వెతికిపెట్టే సూచిక) కడితే అది చడీచప్పుడూ లేకుండా పాడయ్యే ప్రమాదం ఉందట. నోట్స్‌లో నాకు నచ్చింది ఆ ఒప్పుకోలు ఒక్కటే కాదు. అప్‌డేట్ చేశాక అలాంటి ఇండెక్సులను మళ్లీ కట్టుకోమని కూడా అక్కడే రాశారు. 'బగ్ ఫిక్సులు, మెరుగుదలలు' అని ఒక్క ముక్కతో సరిపెట్టేవాళ్లను చూసి చూసి విసిగినవాడికి ఇది పెద్ద ఊరట.

నంబర్ల సంగతి కూడా చెప్పాలి. 9.5 నుంచి 9.6కి మారడం మేజర్ అప్‌గ్రేడేనని మేనేజర్లకు నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. 2017లో 10 వచ్చాక మొదటి అంకె మారితేనే మేజర్ అని తేలిపోయి ఆ గొడవ వదిలింది.

ఇక అసలు సరుకు: ప్రతి మేజర్ వెర్షన్ నోట్స్‌లో ముందే కనిపించే మైగ్రేషన్ విభాగం, అంటే పాత వెర్షన్ నుంచి మారేవాళ్లు చూసుకోవాల్సిన మార్పుల జాబితా. 2024లో 12 నుంచి 16కి మారాం. 13, 14, 15, 16 నాలుగింటి విభాగాలూ ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ చదివా. పబ్లిక్ స్కీమాలో (ప్రతి డేటాబేస్‌లో టేబుళ్ల కోసం ముందే ఉండే అరలో) అందరికీ ఉన్న క్రియేట్ అనుమతి తీసేశామని 15లో ఉంది. అప్‌గ్రేడ్ అయింది, అన్నీ నడిచాయి, మాకు తగల్లేదులే అనుకున్నా. రెండు వారాలకు కొత్త క్లయింటు కోసం కొత్త డేటాబేస్ తెరిస్తే మొదటి టేబుల్ దగ్గరే 'పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్' అంది. ప్రింటు మళ్లీ తీశా. అప్‌గ్రేడ్ చేసిన డేటాబేసుల్లో పాత అనుమతులే ఉంటాయి, కొత్తగా తెరిచినవాటికే మార్పు వర్తిస్తుంది అని అదే అంశం కింద శుభ్రంగా రాసి ఉంది. నా టిక్కు మాత్రం మొదటి వాక్యం పక్కనే ఆగిపోయింది.

ప్రతి మార్పు పక్కన చేసినవాళ్ల పేరు ఉంటుంది. 17 నుంచి ఒక్కో అంశం చివర చిన్న గుర్తు కూడా పెట్టారు. నొక్కితే నేరుగా ఆ కమిట్‌కే, అంటే కోడ్‌లో ఆ మార్పు నమోదైన చోటికే వెళ్తాం. ఇంతకుముందు ఇదే పనికి గిట్ లాగ్‌లో, అంటే కోడ్ మార్పుల చిట్టాలో, అరగంట తవ్వేవాణ్ని.

ఐదుకు నాలుగున్నర ఇస్తా. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానంటే, నాలుగు వెర్షన్లు ఒకేసారి దాటేవాడు నాలుగు పేజీలు విడివిడిగా చదువుకోవాలి. ఆ ప్రింట్లు ఇంకా నా డెస్కులోనే ఉన్నాయి.