రిజిస్టర్ పక్కన పెట్టి నాలుగేళ్లు: మా భూసార ల్యాబ్‌లో ఈల్యాబ్‌ఎఫ్‌టీడబ్ల్యూ

హన్మకొండలో మాది చిన్న మట్టి పరీక్షల ల్యాబ్. నేను, ఇద్దరు టెక్నీషియన్లు, వేసవిలో సాయానికి ఇద్దరు విద్యార్థులు. ఏప్రిల్, మే వచ్చిందంటే పర్కాల, ఆత్మకూరు, నర్సంపేట వైపు నుంచి పత్తి, మిర్చి రైతులు మట్టి సంచులు పట్టుకొస్తారు. ఒక్కో సంచికి 12 పరీక్షలు. పీహెచ్, ఈసీ (మట్టిలో లవణాల కొలత), సేంద్రియ కర్బనం నుంచి జింక్, బోరాన్ దాకా, రైతుకిచ్చే సాయిల్ హెల్త్ కార్డులో ఉండేవే. 2021 జూన్ వరకు ఇవన్నీ లాంగ్ నోట్‌బుక్కుల్లో రాశాం. ఆ తర్వాత ఈల్యాబ్‌ఎఫ్‌టీడబ్ల్యూకి మారాం. పారిస్‌లోని క్యూరీ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన ఎలక్ట్రానిక్ ల్యాబ్ నోట్‌బుక్ ఇది. ఓపెన్ సోర్స్, ఉచితం. మన కంప్యూటర్‌లోనే డాకర్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది కాబట్టి డేటా బయటికి పోదు. పాత డెస్క్‌టాప్ ఒకటి, యూపీఎస్, రెండు ట్యాబ్లెట్లు, అంతే మా సరంజామా.

మొదటి ఏడాది మేం సరిగ్గా వాడలేదు. పొద్దంతా చిట్టీల మీద రీడింగులు రాసుకోవడం, సాయంత్రం కూర్చుని కంప్యూటర్‌లో ఎక్కించడం. కాగితం పని తగ్గలేదు సరికదా, ఒకే అంకెను రెండుసార్లు రాసే పని పెరిగింది. దాని వల్ల ఎంత నష్టమో 2022 మే నెలలో తెలిసింది.

సేంద్రియ కర్బనానికి మేం వాక్లీ-బ్లాక్ పద్ధతి వాడతాం. ఒక గ్రాము మట్టిలో పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, అరగంట ఆగి, బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి ఇంకో ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతూ టైట్రేషన్ చేస్తాం. ముదురు నీలంగా ఉన్న ద్రావణం ఒక్క చుక్కతో ఆకుపచ్చకు తిరుగుతుంది. కళ్లు ఫ్లాస్కు మీద, చెయ్యి బ్యూరెట్ మీద ఉంటాయి. ఆ రోజు బ్యూరెట్ రీడింగ్ 17.2 మి.లీ. చిట్టీ మీద తడి చెయ్యి పడి అంకెలు అలికినట్టయ్యాయి. సాయంత్రం ఎక్కించిన అమ్మాయి 12.7 అని కొట్టింది. మట్టి లేకుండా చేసిన బ్లాంక్ రీడింగ్ 20.0. దానికీ మట్టి రీడింగ్‌కూ తేడా ఎంత పెరిగితే కర్బనం అంత ఎక్కువని లెక్క. లెక్క వేస్తే 0.42 శాతం రావాల్సిన చోట 1.1కు దగ్గరగా వచ్చింది. 0.5 కంటే తక్కువైతే బీద నేల, 0.75 దాటితే బలమైన నేల. అంటే బీద నేలను బలమైన నేల అని రైతుకు రాసిచ్చేవాళ్లం. అది నమ్మి ఆయన పశువుల ఎరువు మానేస్తే ఆ పాపం మాదే. అదే చెలక నుంచి వచ్చిన రెండో సంచితో పోల్చి చూసినప్పుడు తేడా కనిపించి ఆపాం.

ఈ సాఫ్ట్‌వేర్ విలువ నాకు అక్కడే అర్థమైంది. పాత రిజిస్టర్‌లో అయితే 12.7 మీదే 17.2 అని దిద్దేసేవాళ్లం, ఎవరు, ఎప్పుడు దిద్దారో మూడు నెలల తర్వాత చెప్పగలిగేవాళ్లు ఉండరు. ఇక్కడ చిన్న మార్పును కూడా దాచేలా సెట్టింగ్ పెట్టుకుంటే, మార్చినా పాత రూపం చరిత్రలో అలాగే ఉంటుంది, మార్చిన వాళ్ల పేరు, సమయంతో సహా. పరీక్షల ల్యాబ్‌లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17025, దాని 2017 కూర్పు అడిగేది కూడా ఇదే. దిద్దితే పాత విలువ, కొత్త విలువ రెండూ ఉండాలి, తేదీ, దిద్దిన మనిషి తెలియాలి. పని ముగిశాక ఎంట్రీని లాక్ చేస్తాం. ఎంట్రీ ఏ సమయానికి ఎలా ఉందో ముద్ర వేసే టైమ్‌స్టాంప్ సదుపాయం కూడా ఉంది.

ఆ రోజు నుంచి చిట్టీలు బంద్. ట్యాబ్లెట్‌ను జిప్ కవర్‌లో పెట్టి బ్యూరెట్ స్టాండ్ పక్కనే ఆనించాం. తడి గ్లవ్స్‌తో తాకితే తెర సరిగ్గా పనిచెయ్యదు. అందుకని ఒకరు రీడింగ్ చెప్తారు, ఇంకొకరు కొట్టి తిరిగి చదివి వినిపిస్తారు. ఇద్దరు మనుషులు పడతారు, నిజమే. కానీ ఆ తిరిగి చదవడమే మమ్మల్ని ఎన్నో తప్పుల నుంచి కాపాడింది.

మా సీనియర్ టెక్నీషియన్ మొదట్లో ఒప్పుకోలేదు. "పేపర్ల రాసింది ఎటు పోతది మేడం? కరెంట్ పోతే గిది ఎట్ల దొరుకుతది?" అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు. 2022 చివర్లో మా హార్డ్ డిస్క్ పోయింది. బ్యాకప్ రోజూ తీస్తూనే ఉన్నాం, కానీ అదే డిస్క్‌లో ఇంకో ఫోల్డర్‌లో! పదకొండు రోజుల పని పోయింది. అంతకుముందువి అప్పటికే పీడీఎఫ్‌లుగా వేరే చోట దాచాం కాబట్టి బయటపడ్డాం. ఇప్పుడు డేటాబేస్‌ను, అప్‌లోడ్ చేసిన ఫైళ్లను రెండింటినీ కలిపి రెండు బయటి డిస్కుల్లోకి తీస్తాం. నెలకోసారి ఇంకో కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి తెరిచి చూస్తాం. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

మరి కాగితం భద్రమా అంటే, 2023 జూలై వానలకు మా కింది గదిలోకి నీళ్లొచ్చాయి. బీరువా అడుగు అరలోని 2018 రిజిస్టర్లు నానిపోయాయి. పేజీల మధ్య న్యూస్ పేపర్ పెట్టి ఫ్యాన్ కింద ఆరబెట్టాం. బాల్ పెన్నుతో రాసినవి మిగిలాయి, జెల్ పెన్నువి నీలి మరకలయ్యాయి. ఆ పేజీలు పట్టుకుని సీనియర్ గారు చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి వారం నుంచి ట్యాబ్లెట్ దగ్గర ముందుండేది ఆయనే.

పెట్టుకునేముందు తెలియాల్సింది ఒకటి. ఇది నోట్‌బుక్, ల్యాబ్ పని మొత్తాన్ని నడిపే లిమ్స్ సాఫ్ట్‌వేర్ కాదు. ఈ సంచి ఎవరిది, ఏ పరీక్ష దగ్గర ఆగింది, రిపోర్టు వెళ్లిందా అని అడిగితే దానంతట అది చెప్పదు. మేం టెంప్లేట్లు, ట్యాగులు పెట్టుకుని నెట్టుకొస్తున్నాం. రోజుకు వందల నమూనాలు వచ్చేచోట ఇది చాలదు, లిమ్స్ తీసుకోండి. అప్‌డేట్లు, సర్వర్ బాగోగులు చూడటానికి కంప్యూటర్ తెలిసిన మనిషి కూడా కావాలి. మాకు ఆ పని దగ్గరి బంధువుల అబ్బాయి చేస్తున్నాడు. అతను లేకపోతే మొదటి నెలలోనే వదిలేసేవాళ్లం. రీసెర్చ్ ల్యాబ్‌లకు, మాలాంటి చిన్నచోట్లకు మాత్రం ధైర్యంగా చెప్తాను, పెట్టుకోండి.

2021కి ముందువన్నీ ఒకేసారి స్కాన్ చేయాలని మొదట్లో అనుకుని వదిలేశాం. ఇప్పుడు ఎవరైనా రైతు పాత కార్డు పట్టుకుని వస్తే ఆయన పేజీ వెతికి, ఫొటో తీసి, కొత్త ఎంట్రీకి జత చేస్తాం. పోయిన వారం పర్కాల నుంచి ఒక పెద్దాయన 2019 నాటి కార్డు తెచ్చారు. ఆయన పేజీ పొడి అరలోనే ఉంది.