పెనైల్ ఇంప్లాంట్ కొన్నేళ్లు వాడాక: పొడవు సంగతి ఏమిటంటే

షుగర్ వల్ల అంగస్తంభన పూర్తిగా పోయింది. మాత్రలు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాక మూడు భాగాల ఇన్‌ఫ్లేటబుల్ ఇంప్లాంట్ పెట్టించుకున్నాను. మోడల్ పేరు ఏఎంఎస్ 700 ఎల్‌జీఎక్స్. వృషణాల సంచిలోని చిన్న పంపు నొక్కుతుంటే పొత్తికడుపులోని రిజర్వాయర్ (చిన్న ట్యాంకు) నుంచి సెలైన్ అంగంలో పెట్టిన సిలిండర్లలోకి వచ్చి అంగం గట్టిపడుతుంది. కొన్నేళ్లయింది, పనితనంలో వంక పెట్టడానికి లేదు.

అయితే అందరూ అడిగేది పొడవు గురించే. ఇంప్లాంట్ దానంతటది పొడవు పెంచదు. ఆపరేషన్‌కు ముందు డాక్టరుగారు అంగాన్ని ముందుకు లాగి స్కేలుతో కొలిచి, "ఇంతకు మించి ఆశ పెట్టుకోకండి" అన్నారు. దాదాపు అంతే వచ్చింది. పైగా సిలిండర్లు శిశ్నాగ్రంలోకి (అంగం కొనలోకి) వెళ్లవు, అది మునుపటిలా ఉబ్బదు. దాంతో కాస్త తగ్గినట్టే అనిపిస్తుంది. మా ఆవిడకైతే తేడా తెలియదట, నేను స్కేలు తీస్తే నవ్వుతుంది.

ఉన్నది నిలబెట్టుకోవడమే అసలు పని. ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు రోజూ వాక్యూమ్ పంపు (గాలి లాగి అంగాన్ని సాగదీసే గొట్టం) వాడించారు. ఆపరేషన్ గాయం మానాక రోజూ ఇంప్లాంట్‌ను పూర్తిగా నింపి కాసేపు అలాగే ఉంచమన్నారు, సిలిండర్ల చుట్టూ కట్టే పొర బిగుసుకుపోకుండా. మొదట్లో ప్రాణం పోయినంత పనైంది, అయినా మానలేదు. ఎల్‌జీఎక్స్ సిలిండర్లు పొడవుకు కూడా సాగే రకం. పోనుపోను పంపును మొదటికంటే ఎక్కువ సార్లు నొక్కాల్సి వచ్చింది, అంటే వాటిలో పట్టే సెలైన్ పెరిగిందన్నమాట.

అదే ఆపరేషన్‌లో వెంట్రల్ ఫాలోప్లాస్టీ కూడా చేశారు. అంగం అడుగున సంచి చర్మం తెరలా అతుక్కుని ఉంటే, దాన్ని కోసి కుట్టేస్తారు. లోపల పెరిగేదేమీ లేదు, కంటికి మాత్రం బాగా తేడా కనిపిస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే.

ఇంకో డాక్టరు స్లైడింగ్ టెక్నిక్ అన్నారు. అంగాన్ని లోపల కోసి, రెండు భాగాలను ఒకదానిమీద ఒకటి జరిపి సాగదీస్తారు. పొడవు నిజంగానే పెరుగుతుంది, కానీ శిశ్నాగ్రానికి రక్తం అందక కుళ్లిపోయే ప్రమాదం ఉంది. షుగర్ ఉన్నవాళ్లకు ఆ ముప్పు మరీ ఎక్కువ. మా డాక్టరుగారు ససేమిరా అన్నారు. పెరోనీస్ జబ్బుతో (లోపల గట్టి మచ్చ కట్టి అంగం వంకరపోయే జబ్బు) అంగం బాగా కుంచించుకుపోయినవాళ్లకు, అదీ చేయి తిరిగిన సర్జన్ దగ్గరైతేనే ఆలోచించాలట.

బొడ్డు కింద కొవ్వు తీయించడం నేను వద్దనుకున్నాను. నడిచి పొట్ట తగ్గించాను, కొవ్వు లోపలికి పోయిన అంగం కొంత బయటపడింది. ఇక పెద్ద సైజు సిలిండర్ వేయమని మాత్రం డాక్టర్‌ను పట్టుబట్టకండి, కొలతకు మించితే లోపల వంకర తిరుగుతుంది.