కొట్టాన్ని ఇల్లు చేస్తున్నారా? అటకకి గ్లాస్‌వుల్ మేలా, పఫ్ ప్యానెల్ మేలా?

హైదరాబాద్ చుట్టుపక్కల మొయినాబాద్, చేవెళ్ల, శామీర్‌పేట వైపు పాత పశువుల కొట్టాలు, కోళ్ల షెడ్లు కొని ఫామ్‌హౌస్‌లుగా మార్చుకునేవాళ్లు అందరూ అడిగేది ఒకటే, ఎండ వేడి ఆపే ఇన్సులేషన్‌గా గ్లాస్‌వుల్ (గాజు నారతో చేసిన దూది లాంటి చుట్టలు) వేయించాలా, పఫ్ ప్యానెల్ (పాలియురిథేన్ నురుగు పలక) వేయించాలా అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. ఆ అటక మీద పిల్లలు పడుకుంటారా, లేక పాత బిందెలు, పరుపులు పడుంటాయా?

సామాను కోసమే అయితే గ్లాస్‌వుల్, ఇంకో ఆలోచన అక్కర్లేదు. వేడిని కప్పు దగ్గరే ఆపాలని పట్టుబట్టకుండా, కింద గది సీలింగ్ మీద 50 మిల్లీమీటర్ల మందం చుట్టలు పరిచేసి, అటకని గాలికి వదిలేయడమే చవక. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే రేకు 60 దాటిపోతుంది, ఆ వేడంతా అటకలోనే తిరిగి బయటికి పోతుంది, గదిలోకి దిగేది బాగా తగ్గుతుంది. గ్లాస్‌వుల్‌కి నిప్పు అంటుకోదు, రేకుల మీద వాన మోత కూడా కొంత మింగేస్తుంది. కష్టమల్లా పరిచేటప్పుడు ఒళ్లంతా దురద, మాస్కూ ఫుల్ చేతుల చొక్కా లేకుండా కూలీలని ఎక్కించకండి. ఇంకోటి, తడిస్తే అణిగిపోతుంది, అణిగితే పనిచేయదు, అందుకని ముందు రేకుల బోల్టుల దగ్గర కారేవన్నీ మూయించాలి.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఇంగ్లండ్ వాళ్ల వీడియోలు చూసి, ఆవిరిని ఆపే పొర గది వైపు ఉండాలంటారు. వాళ్లకది కరెక్టే, చలికాలంలో ఇంట్లోని వెచ్చటి తేమ పైకెళ్లి చల్లటి కప్పు కింద నీళ్లవుతుంది. మనకి దానికి ఉల్టా. జూలైలో బయటి గాలే తేమగా ఉంటుంది, లోపల ఏసీ నడుస్తుంది, తేమ బయటి నుంచి లోపలికి వస్తుంది. కాబట్టి గ్లాస్‌వుల్‌కి ఆ పొరగా అల్యూమినియం ఫాయిల్ అంటించిన వైపు పైకి, రేకు వైపు ఉండాలి. అలా పెడితే రేకు నుంచి దిగే వేడిని కూడా ఫాయిల్ వెనక్కి కొడుతుంది, కాకపోతే దుమ్ము పేరుకున్నకొద్దీ ఆ లాభం తగ్గుతుంది.

అటక మీద మనుషులుంటారంటే లెక్క మారిపోతుంది. అప్పుడు కప్పు వాలు వెంబడే ఇన్సులేషన్ వెళ్లాలి, తల పైన చోటు తక్కువ కాబట్టి తక్కువ మందంతోనే పని జరగాలి. అక్కడ పఫ్‌ది పైచేయి: దాదాపు 30 మిల్లీమీటర్ల పఫ్ చేసే పని గ్లాస్‌వుల్‌కి 50 పడుతుంది. ఎలాగూ రేకులు మార్చేస్తున్నారంటే రెండు వైపులా షీటు ఉన్న పఫ్ ప్యానెల్నే కప్పుగా వేసేయొచ్చు, ఒకే పనితో రెండూ అయిపోతాయి. కానీ పఫ్ కాలుతుంది, పొగ విషం, కాబట్టి కరెంటు వైర్లు పైపుల్లోంచే పోవాలి. వాన చప్పుడు ఆపడంలోనూ పఫ్, గ్లాస్‌వుల్‌తో పోలిస్తే అంత గొప్పేం కాదు. థర్మకోల్ మాత్రం వద్దు, చవక అని వేయిస్తారు, కొన్నాళ్లకి ఎలుకలకి కాలనీ కట్టించినట్టవుతుంది.

పాత రేకులో పెంకులో ఉంచుకుని కిందనుంచి బిగిస్తే, కప్పుకీ ఇన్సులేషన్‌కీ మధ్య 50 మిల్లీమీటర్ల సందు వదలండి. ఫ్యాబ్రికేటర్ "అంత సందెందుకన్నా, దుమ్మొస్తది" అంటాడు, వినొద్దు. చూరు దగ్గర గాలి లోపలికొచ్చి, రెండు వాలులు కలిసే చోట బయటికి పోతేనే వేడి పోతుంది, పాత చెక్క వాసాలు కూడా తడి ఆరి పుచ్చకుండా ఉంటాయి.

పైన ఏం పెట్టాలి మరి? గాలికి గిర్రున తిరిగే టర్బో వెంటిలేటర్లు గోడౌన్లకి బాగుంటాయి, కానీ హైదరాబాద్‌లో గాలి గట్టిగా వీచేది జూన్, జూలైల్లో, మనకి ఎక్కువ అవసరం ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో. శిఖరం పొడుగునా సన్నటి సందు వదిలి దానిపైన రేకు టోపీ పెట్టించడమే నాకు నచ్చుతుంది, గాలి లేకపోయినా వేడి దానంతటదే పైకి పోతుంది. ఏది పెట్టినా చూరు దగ్గర దారి లేకపోతే దండగ. అదీ కాకుండా సీలింగ్‌లో సందులుంటే ఏసీ చల్లదనాన్నే బయటికి లాగేస్తుంది. దారులన్నిటికీ సన్న జాలీ కొట్టించండి, లేకపోతే పావురాలు, గబ్బిలాలు మీకంటే ముందే గృహప్రవేశం చేస్తాయి.

బడ్జెట్ రెండిట్లో దేనికీ చాలకపోతే ముందు రేకుల పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక పాలసీ కూడా తెచ్చింది. ఏటా ఎండాకాలం ముందు కడగాలి, మన దుమ్ముకి తెలుపు ఎన్నాళ్లుంటుంది. పాత సిమెంటు రేకులు ఉంటే మాత్రం వాటికి డ్రిల్లింగూ కటింగూ పెట్టకండి, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకి ప్రమాదం.