వారంలో మొటిమలు తగ్గించే క్రీము ఇస్తామంటే జాగ్రత్త: మా అమ్మాయికి జరిగింది చదవండి

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి మొటిమల కోసం నిరుడు జూన్‌లో హైదరాబాదులోని ఒక చర్మ సౌందర్య కేంద్రంలో 38,000 రూపాయలు కట్టి ప్యాకేజీ తీసుకున్నాము. పోయిన డబ్బు సంగతి అలా ఉంచితే, అక్కడ ఇచ్చిన క్రీము వల్ల పాడైన ముఖాన్ని మళ్లీ దారిలో పెట్టడానికి ఏడు నెలలుగా వైద్యం చేయిస్తున్నాము. ఇలాంటి క్రీములే నగరంలో కొన్ని బ్యూటీ పార్లర్లలో, మందుల దుకాణాల్లో చీటీ అడగకుండా అమ్ముతున్నారని తెలిశాక, పిల్లలున్న తల్లిదండ్రులకూ హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఈ విషయం వివరంగా చెప్పడం అవసరమనిపించింది.

పదో తరగతి నుంచీ పిల్లకు నుదుటి మీద, బుగ్గల మీద మొటిమలు ఉండేవి. దగ్గరి బంధువుల పెళ్లి రెండు నెలల్లో ఉందనగా, అద్దం ముందు నిలబడి కంటనీరు పెట్టుకుంటుంటే చూడలేక ఆ కేంద్రానికి తీసుకువెళ్లాము. తెల్లకోటు వేసుకుని మాతో మాట్లాడిన ఆవిడను డాక్టరనే అనుకున్నాము. ఆవిడకు వైద్య పట్టా లేదని చాలా ఆలస్యంగా తెలిసింది. ఎనిమిది సిట్టింగులతో పాటు, రాత్రి పూట రాసుకోమని ఒక చిన్న తెల్ల డబ్బీ ఇచ్చారు. దాని మీద పేరు గాని, తయారీదారు చిరునామా గాని, గడువు తేదీ గాని లేవు. అడిగితే, అది తమ సొంత తయారీ అన్నారు. రసీదులో కూడా సర్వీసు ఛార్జీలు అని మాత్రమే రాసి, క్రీము ఊసే ఎత్తలేదు.

మమ్మల్ని మోసపుచ్చింది ఆ క్రీము పనిచేయడమే. అయిదో రోజుకే ఎరుపు తగ్గింది, వాపు దిగింది, పది రోజులకు ముఖం నిగనిగలాడింది. చుట్టాలందరూ అడిగితే ఆ కేంద్రం పేరు నేనే చెప్పాను. అందుకు ఈ రోజు వరకూ బాధపడుతున్నాను.

సెప్టెంబరు నాటికి ఎండలోకి వెళితే చాలు, బుగ్గలు ఎర్రబడి మండేవి. సన్నని రక్తనాళాలు పైకి కనిపించసాగాయి, చెంపల మీద నూగు వెంట్రుకలు పెరిగాయి, ఒకే పరిమాణంలో చిన్న చిన్న పొక్కులు గుంపులుగా లేచాయి. కేంద్రం వారిని అడిగితే హార్మోన్ల వల్ల అన్నారు, వెంట్రుకలకు మరో 22,000 రూపాయల లేజర్ ప్యాకేజీ చూపించారు. క్రీము నాలుగు రోజులు ఆపితే ముఖమంతా మంటతో ఉబ్బిపోయేది, రాస్తే గంటల్లో నెమ్మదించేది. అలా ఆపలేని స్థితికి వచ్చాక మూడోసారి కొనడానికి వెళ్లినప్పుడు డబ్బీలు అయిపోయాయని, తమ స్టిక్కరు అంటించిన ఒక ట్యూబు 1,800 రూపాయలకు ఇచ్చారు. ఇంటికి వచ్చి ఆ స్టిక్కరును గోరువెచ్చని నీళ్లతో తడిపి తీశాను. కింద ఎర్రటి గీత, దాని పక్కన మోమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ అని మూడు మందుల పేర్లు, 300 రూపాయల లోపు అసలు ధర కనిపించాయి.

మోమెటాసోన్ ఒక స్టెరాయిడ్. ఈ మూడింటి మిశ్రమాన్ని చర్మవైద్యులు మంగు వంటి మచ్చలకు, అదీ కొన్ని వారాలకే, తమ పర్యవేక్షణలో రాయిస్తారు. మొటిమలకు ఇది మందు కాదు. మోమెటాసోన్, బెటామెథాసోన్, క్లోబెటాసోల్ వంటి స్టెరాయిడ్ లేపనాలు షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో ఉన్నాయి, అంటే డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. ట్యూబు మీది ఎర్ర గీతకు అర్థం అదే. ఆ గీత మీదే స్టిక్కరు అంటించారంటే, తాము ఏమి అమ్ముతున్నదీ వారికి తెలుసుననే నేను నమ్ముతున్నాను.

ఆ ట్యూబు పట్టుకుని వెళితే, ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలోని డాక్టరు గారు పిల్ల ముఖం చూడగానే ఇది స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న చర్మం అన్నారు. ఆమె ఓపికగా చెప్పిన దాన్నిబట్టి మాకు అర్థమైనది ఇది: యుక్తవయసులో హార్మోన్ల ప్రభావంతో చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువగా పనిచేస్తాయి, రోమకూపం నోటి దగ్గర మృతకణాలు అంటుకుపోయి దారి మూసుకుంటుంది, లోపల నిలిచిన నూనెలో సహజంగా చర్మం మీద ఉండే బ్యాక్టీరియా పెరిగి, ఆ చోట ఎర్రబడి వాస్తుంది. స్టెరాయిడ్ ఈ ఆఖరి మెట్టును, అంటే ఎరుపునూ వాపునూ మాత్రమే అణచివేస్తుంది. మూసుకున్న దారి అలాగే ఉంటుంది, పైగా చర్మం పలచబడి, స్టెరాయిడ్ వల్లే కొత్త పొక్కులు పుడతాయి. ముఖం మురికిగా ఉండటం వల్ల మొటిమలు వస్తాయన్నది కూడా నిజం కాదట. కేంద్రం వారి మాట విని పిల్ల రోజుకు అయిదారుసార్లు రుద్ది రుద్ది కడిగేది, దానివల్ల చర్మం ఇంకా రేగింది.

మొదట స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా కాకుండా క్రమంగా మాన్పించారు. ఆ ఆరు వారాలు పిల్ల పడిన మంట, కాలేజీకి వెళ్లనని చేసిన మారాం తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. చర్మం కుదుటపడ్డాకే అసలు మొటిమల వైద్యం మొదలైంది: రాత్రి, మూసుకున్న రోమకూపాల దారి తెరిచే అడాపలీన్ జెల్ బఠాణీ గింజంత, మొటిమ మీద మాత్రమే కాక మొటిమలు వచ్చే చోటంతా పలచగా, ఉదయం బ్యాక్టీరియాను చంపే 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, పగలు సన్‌స్క్రీన్. మొదటి వారాల్లో పొడిబారి పొట్టు లేచింది, పెరాక్సైడ్ తగిలి దిండు గలీబు రంగు వెలిసింది. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుందని ముందే చెప్పారు, మాకు పదో వారంలో తేడా కనిపించింది. నెలసరి సరిగా రాకపోతే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) పరీక్షలు కూడా చేయించుకోవాలన్నారు. గడ్డలుగా వచ్చి గుంటలు పడే తీవ్రమైన మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు ఉన్నాయి గాని, గర్భంలోని శిశువుకు తీవ్ర హాని చేస్తాయి కాబట్టి వాటిని స్నేహితురాలు వాడుతోందని కొని మింగరాదు.

కాబట్టి క్రీము చేతికి ఇచ్చినప్పుడు దానిలో ఏముందో రాసి ఇమ్మనండి, రాయనంటే తీసుకోవద్దు. సౌందర్య సాధనమైనా సరే, పదార్థాల వివరం, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ ఉండి తీరాలి. వైద్యం చేసేవారి పేరు వెనుక చర్మవైద్యంలో పట్టాలైన ఎం.డి. డి.వి.ఎల్. లేదా డి.డి.వి.ఎల్. ఉందా, రాష్ట్ర వైద్య మండలిలో నమోదు సంఖ్య ఉందా అని అడగడం మర్యాద తప్పినట్టు కాదు. మేము అడగలేదు. ఖర్చుకు వెనకాడేవారికి ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది.

ట్యూబు, స్టిక్కరు, రసీదు, నెలనెలా తీసిన ఫోటోలు జతచేసి రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు ఇచ్చాము. వారి ఉచిత నంబరు 1800-599-6969. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా కేసు వేస్తున్నాము. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ రుసుము లేదు, నష్టం జరిగిన రెండేళ్లలోగా వేయాలి. ముందుగా సలహా కావలసినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఇటువంటి పేరులేని డబ్బీ గాని, స్టిక్కరు వేసిన ట్యూబు గాని ఇప్పటికే మీ ఇంట్లో వాడుతూ ఉంటే, భయపడి ఈ రాత్రికే మానేయకండి, చెత్తబుట్టలోనూ వేయకండి. దాన్ని అలాగే పట్టుకుని ఈ వారంలోనే చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి.